వాల్వ్ మార్చాక మళ్లీ పరుగెత్తొచ్చా?

ప్రశ్న: నా వయసు 38. రుమాటిక్ జ్వరంతో దెబ్బతిన్న మైట్రల్ వాల్వ్ తీసేసి మెటల్ వాల్వ్ పెట్టారు. ఆపరేషనై మూడు నెలలైంది. ఇదివరకు రోజూ పరుగెత్తేవాణ్ని. మళ్లీ మొదలుపెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చాలామంది మళ్లీ పరుగెత్తగలుగుతున్నారు, మీరూ ఆశ వదులుకోకండి. అయితే ముందు ఎకో, ఆపైన డాక్టరు సమక్షంలో ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. వాల్వ్ పనితీరు, గుండె పంపింగ్, లయ బాగున్నాయని తేలాకే పరుగు. దగ్గినప్పుడు రొమ్ము ఎముక కదిలినట్టు అనిపిస్తే అది ఇంకా అతుక్కోలేదన్నమాట, ఆగండి.

అరగంట చురుకైన నడక తేలికయ్యాక, మధ్యమధ్య ఒక్కో నిమిషం నెమ్మదిగా పరుగెత్తండి. మాట తెగుతుంటే వేగం తగ్గించండి. మెటోప్రొలాల్ వాడేవాళ్లకు నాడి అంతగా పెరగదు, కాబట్టి వాచీలో అంకెను నమ్ముకోవద్దు. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, గుండెదడ వస్తే అక్కడికక్కడే ఆపేసి డాక్టరుకు చూపించుకోండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రక్తం పలచబరిచే మాత్ర సంగతి. పరుగు బాగా సాగుతోంది కదా అని దాన్ని మానేస్తే వాల్వ్ మీద రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికొస్తుంది. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష వాయిదా వేయకండి. ఈ మాత్ర వేసుకుంటున్నామని గోంగూర, పాలకూర మానక్కర్లేదు. ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ కాకుండా తినండి. మోకాళ్లు నొప్పెడితే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి వేసుకోవద్దు, రక్తస్రావం కావొచ్చు. కబడ్డీ వద్దు, చీకట్లో గతుకుల రోడ్డూ వద్దు. పడి తలకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనబడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.