ఇంటి పద్దు – అప్పునకు మందు

"నూటికి మూడు రూపాయల వడ్డీయే కదా" యని గ్రామములలో పలువురు అప్పు చేయుచుందురు. ఆ మూడు రూపాయలు నెలకు. ఏడాదికి నూటికి 36 రూపాయలగును.

ఒక కుటుంబమునకు ఇట్టి బాకీ 20,000 రూపాయలు గలదనుకొందము. నెలవడ్డీ 600 రూపాయలు. వడ్డీ మాత్రమే చెల్లించుచుండినచో, 16 నెలలలో 9,600 రూపాయలిచ్చియు అసలు తగ్గదు. నెలకు 1,600 రూపాయల వంతున చెల్లించినచో, ఆ 16 నెలలలోనే బాకీ తీరిపోవును. మొదటి నెలలో అసలు వేయి రూపాయలు తగ్గుటచే రెండవ నెల వడ్డీ 570 రూపాయలే యగును. ఇట్లు నెలనెలకు వడ్డీ తరుగును.

ఆ వేయి రూపాయలు ఎచ్చటినుండి వచ్చును? భార్యాభర్తలిరువురును కూర్చుండి, ఒక నెలపాటు రాబడిని, ఖర్చును పుస్తకమున వ్రాసినచో తెలియును. పొగాకు, టీ మున్నగు చిల్లర ఖర్చులు రోజుకు 35 రూపాయలు తగ్గినను చాలును. తిండికిని, పిల్లల చదువునకును లోటు చేయరాదు.

బాకీలు పెక్కు గలవారు హెచ్చు వడ్డీ బాకీని ముందు తీర్చవలెను. అసలుకు చెల్లించిన ప్రతిసారియు నోటు వెనుక చెల్లు వ్రాయించుకొనవలెను. బాకీ తీరినంతనే నోటును తిరిగి పుచ్చుకొనవలెను.

పంచాయతీ సభ్యులు ముందుగా తమ యిండ్లలో ఈ పద్దు ప్రారంభించి, పిమ్మట గ్రామసభలో ఈ లెక్కను వివరించుట యుక్తము.