మహనీయుల కథలు పిల్లలకు ఎలా చదివి వినిపించాలి?



మీ ఇంట్లో పుస్తకాల అల్మారా ఒకసారి తెరిచి చూడండి. పిల్లలకు బడిలో బహుమతిగా వచ్చిన మహనీయుల జీవిత చరిత్రలు రెండో మూడో కనిపిస్తాయి. చాలావరకు అవి కొత్తవి కొత్తవిగానే ఉంటాయి. ఎందుకని? పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, చదివిన చదువులు, పొందిన బిరుదులు, మరణించిన సంవత్సరం ఇవే వరుసగా ఉంటే ఏ పిల్లవాడు మాత్రం చదువుతాడు? వక్తృత్వ పోటీ వచ్చినప్పుడు నాలుగు వాక్యాలు బట్టీపట్టి, పుస్తకాన్ని మళ్ళీ అక్కడే పెట్టేస్తాడు. "ఆయన మహానుభావుడు, మనం మామూలువాళ్ళం" అనుకుంటాడు. చప్పట్లు కొట్టి ఊరుకుంటాడు.

మనం మహనీయుల కథలు చెప్పేది చప్పట్ల కోసం కాదు. అన్యాయం ఎదురైనప్పుడు మనిషి ఎలా నిలబడగలడో పిల్లలకు తెలియాలని చెబుతాం. అందుకు ఎలాంటి పుస్తకం పనికివస్తుంది? దాన్ని ఎలా చదివి వినిపించాలి? ఇదే ఈ వారం మన పాఠం. అమెరికాలో నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం గురించి పిల్లల కోసం వచ్చిన కొన్ని పుస్తకాలను ఉదాహరణగా తీసుకుందాం.

1. ఆరేళ్ళ పాప, ఖాళీ తరగతి

1960 నవంబరు 14. లూసియానా రాష్ట్రం, న్యూ ఆర్లీన్స్ నగరం. అక్కడి విలియం ఫ్రాంట్స్ ప్రాథమిక పాఠశాలలో అంతవరకు తెల్లవారి పిల్లలే చదివేవారు. న్యాయస్థానం ఆదేశంతో ఆ రోజు మొదటిసారిగా ఒక నల్లజాతి పాప ఆ బడి మెట్లెక్కింది. పేరు రూబీ బ్రిడ్జెస్. వయస్సు ఆరేళ్ళు. నలుగురు ఫెడరల్ మార్షల్స్, అంటే కేంద్ర ప్రభుత్వం పంపిన రక్షణాధికారులు, ఆమె వెంట నడిచారు. బడి ముందు పెద్ద గుంపు. కేకలు, తిట్లు. ఆ సందడి చూసి, తపస్కాలానికి ముందు తమ ఊళ్ళో జరిగే మార్డి గ్రా పండుగేమో అనుకున్నదట ఆ పాప!

తెల్లవారు తమ పిల్లలను తరగతుల నుండి తీసుకువెళ్ళిపోయారు. మొదటి రోజంతా రూబీ ప్రధానోపాధ్యాయుల గదిలోనే కూర్చున్నది. బోస్టన్ నుండి వచ్చిన బార్బరా హెన్రీ అనే ఉపాధ్యాయిని ఒక్కరే ఆమెకు చదువు చెప్పడానికి ముందుకు వచ్చారు. ఆ సంవత్సరమంతా ఒక టీచరు, ఒక విద్యార్థిని. అదే తరగతి.

ఆ కుటుంబం చెల్లించిన మూల్యం చిన్నది కాదు. తండ్రి ఉద్యోగం ఊడింది. మిస్సిసిపీలో పరాయి భూమిని సాగు చేసుకుంటున్న తాత, అమ్మమ్మలను ఆ భూమి నుండి వెళ్ళగొట్టారు. అయితే ఇరుగుపొరుగువారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఒకాయన తండ్రికి పని ఇచ్చారు. మరికొందరు పాప వెళ్ళే కారు వెనుక కాపలాగా నడిచారు. అదే రోజు అదే నగరంలో మరో బడిలో ముగ్గురు నల్లజాతి బాలికలు, లియోనా టేట్, గెయిల్ ఎటియెన్, టెస్సీ ప్రెవో, ఇలాగే అడుగుపెట్టారు. రూబీ ఒంటరిగా కనిపిస్తుంది గాని, ఆమె వెనుక ఎంతమంది ఉన్నారో గమనించండి.

2. ఒకే పాప, రెండు పుస్తకాలు

ఆ రోజుల్లో రూబీని తరచుగా కలిసి మాట్లాడిన రాబర్ట్ కోల్స్ అనే మానసిక వైద్యులు 1995లో "ద స్టోరీ ఆఫ్ రూబీ బ్రిడ్జెస్" అనే బొమ్మల పుస్తకం వెలువరించారు. బొమ్మలు వేసినవారు జార్జ్ ఫోర్డ్. ఇది ఆరేడేళ్ళ పిల్లలకు చదివి వినిపించదగిన పుస్తకం. ఇందులో మనసును పట్టుకునే ఘట్టం ఒకటున్నది. ఒక ఉదయం రూబీ గుంపు మధ్యలో ఆగిపోయి ఏదో మాట్లాడుతున్నట్లు కిటికీలో నుండి టీచరుకు కనిపించింది. ఏమన్నావని అడిగితే, తాను ఆ మనుషులతో మాట్లాడలేదని, వారి కోసం ప్రార్థించానని పాప చెప్పింది. రోజూ ఇంటి నుండి వస్తూ దారిలోనే ప్రార్థించే ఆ పాప, ఆ రోజు మరచిపోయి, గుంపులోకి వచ్చాక గుర్తుకు రాగానే అక్కడే ఆగింది.

ఈ ఘట్టం చదివి మనం "ఎంత గొప్ప బిడ్డ!" అంటాం. ఇక్కడే ఆపేస్తే రూబీ గూటిలో పెట్టిన స్వరూపమైపోతుంది. అందుకే రెండో పుస్తకం కూడా కావాలి. 1999లో రూబీ స్వయంగా "త్రూ మై ఐస్" అనే పుస్తకం రాశారు. ఇందులో నాటి ఫోటోలు ఉన్నాయి. మరొక సంగతీ ఉన్నది. గుంపులో ఒక స్త్రీ నీకు విషం పెడతానని రోజూ బెదిరించేది. ఇంటి నుండి తెచ్చుకున్నదే తినాలని రూబీకి కట్టడి. మిగతా పిల్లలతో కలిసి తినాలని పాప ఆశ. తరగతిలో ఒంటరిగా తినలేక, అమ్మ చేసి పంపిన శాండ్‌విచ్‌లను అల్మారాలో దాచేసింది. పాలు జిగురు సీసాలో పోసేసింది. కొన్నాళ్ళకు ఎలుకలు, పురుగులు చేరితే గాని ఎవరికీ తెలియలేదు.

తల్లిదండ్రులారా, ఈ దాచిన శాండ్‌విచ్ మీ పిల్లవాడికి వెంటనే అర్థమవుతుంది. వాడూ ఎప్పుడో ఒకప్పుడు టిఫిను డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చి ఉంటాడు. ధైర్యంగా మెట్లెక్కిన పాప, అన్నం తినలేకపోయిన పాప ఒక్కరేనని తెలిసినప్పుడు, భయపడేవాళ్ళు కూడా మంచిపని చేయగలరని వాడికి బోధపడుతుంది. భయం తీసేసి ధైర్యం మాత్రమే చెబితే ఆ పాఠం అందదు.

3. "అలసిపోయిన కుట్టుపని ఆవిడ" కథ

ఇప్పుడు పిల్లల పుస్తకాలలో తరచుగా జరిగే పొరపాటు ఒకటి చూద్దాం. రోజా పార్క్స్ గారి కథ మీరు వినే ఉంటారు. 1955 డిసెంబరు 1న అలబామా రాష్ట్రం మాంట్‌గొమరీ నగరంలో, బస్సులో తెల్లవారికి సీటు ఇవ్వనందుకు ఆమెను అరెస్టు చేశారు. పిల్లల పుస్తకాలు కొన్ని దీన్ని ఎలా చెబుతాయి? ఒక కుట్టుపని ఆవిడ పగలంతా పనిచేసి కాళ్ళు నొప్పిపుట్టి సీటులోనుంచి లేవలేదు. దాంతో అన్యాయమైన చట్టం పోయింది అని చెబుతాయి.

ఇది నిజంలో పావు వంతు కూడా కాదు. ఆమె 1943 నుండి మాంట్‌గొమరీలో నల్లజాతివారి హక్కుల సంఘానికి కార్యదర్శిగా పనిచేసిన స్త్రీ. 1955 వేసవిలో టెనెస్సీలోని హైలాండర్ పాఠశాలకు వెళ్ళి శిక్షణ పొంది వచ్చారు. ఆ రోజు తన ఒంటికి ప్రత్యేకమైన అలసట ఏమీ లేదని, లొంగి లొంగి విసిగిపోయానని ఆమే తన ఆత్మకథలో తెలిపారు. ఆమెకు తొమ్మిది నెలల ముందు, మార్చి 2న, క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ళ విద్యార్థిని అదే నగరంలో ఇలాగే లేవనని చెప్పి అరెస్టయింది. పార్క్స్ అరెస్టయిన రాత్రి జో ఆన్ రాబిన్సన్ అనే అధ్యాపకురాలు తెల్లవార్లూ మేల్కొని వేలాది కరపత్రాలు అచ్చువేయించారు. తరువాత 381 రోజులు నల్లజాతి ప్రజలు బస్సు ఎక్కలేదు. నడిచారు, కార్లున్నవారు లేనివారిని ఎక్కించుకున్నారు. చివరకు తీర్పు తెచ్చిన వ్యాజ్యంలో వాదులుగా నిలిచిన స్త్రీలలో ఆ పదిహేనేళ్ళ క్లాడెట్ ఒకరు.

చూశారా! "కాళ్ళ నొప్పి" కథ విన్న పిల్లవాడు, గొప్ప పనులు అనుకోకుండా జరుగుతాయని నేర్చుకుంటాడు. అసలు కథ విన్నవాడు, వాటికి సంఘం కావాలి, తయారీ కావాలి, ఓర్పు కావాలి అని నేర్చుకుంటాడు. కవయిత్రి నిక్కీ జియోవాని 2005లో రాసిన "రోజా" అనే బొమ్మల పుస్తకంలో పార్క్స్‌తో పాటు జో ఆన్ రాబిన్సన్, ఆమె తోటి స్త్రీలు కూడా కనిపిస్తారు. ఫిలిప్ హూస్ 2009లో క్లాడెట్ జీవితం మీద పెద్ద పిల్లల కోసం ఒక పుస్తకం రాశారు. దానికి అమెరికా జాతీయ పుస్తక పురస్కారం లభించింది.

4. పుస్తకం పట్ల ఆకలి

"పుస్తకాలు చదివితే ఏమొస్తుంది?" అనేవారికి ఒక చిన్న సంగతి. 1957లో ఒక శాంతి సంస్థ మాంట్‌గొమరీ బస్సుల కథను పదహారు పేజీల బొమ్మల పుస్తకంగా వేసి పది సెంట్లకు అమ్మింది. దాన్ని చదివిన యువకులలో జాన్ లూయిస్ ఒకరు. ఆయన తరువాత ఉద్యమ నాయకుడై, పార్లమెంటు సభ్యుడై, వృద్ధాప్యంలో తన కథను "మార్చ్" అనే మూడు బొమ్మల సంపుటాలుగా, 2013 నుండి 2016 వరకు, సహ రచయితతోను చిత్రకారుడితోను కలిసి వెలువరించారు. ఆయనకు పదహారేళ్ళప్పుడు, 1956లో, ఊరి గ్రంథాలయంలో సభ్యత్వం అడిగితే నల్లవారికి లేదన్నారు. 1998లో తన ఆత్మకథ పుస్తకాలపై సంతకాలు చేయడానికి అదే గ్రంథాలయానికి వెళ్ళారు. అప్పుడు ఆయనకు సభ్యత్వ కార్డు ఇచ్చారు. మీ పిల్లవాడి చేతిలో ఉన్న గ్రంథాలయం కార్డు ఎంత విలువైనదో ఈ కథ చెబుతుంది.

5. అన్యాయం చేసినవారు ఎవరు?

చాలామంది పెద్దలకు ఇబ్బంది కలిగించే ప్రశ్న ఇది. 2021లో టెనెస్సీ రాష్ట్రంలోని విలియమ్సన్ కౌంటీలో కొందరు తల్లిదండ్రులు రూబీ చిన్నపిల్లల కోసం రాసిన మరొక పుస్తకం మీద ఫిర్యాదు చేశారు. తెల్లవారి గుంపు అరుస్తున్న దృశ్యాలు తమ పిల్లల మనసును బాధపెడతాయన్నది వారి అభ్యంతరం. బాధ కలగవచ్చు. కాని ఆ దృశ్యం మధ్య నడిచిన బిడ్డకు ఆరేళ్ళే కదా! తల్లి పక్కన కూర్చుని వినే బిడ్డ దాన్ని తట్టుకోలేదా?

మన శ్రీసభ విషయంలో కూడా నిజమే చెప్పాలి. న్యూ ఆర్లీన్స్ అగ్రపీఠాధిపతి జోసెఫ్ రమ్మెల్ గారు 1956లోనే, జాతిని బట్టి మనుషులను వేరుచేయడం పాపమని తన లేఖలో ప్రకటించారు. అయినా ప్రతిఘటనకు జంకి పని వాయిదా పడుతూ వచ్చింది. 1960లో రూబీ మెట్లెక్కేనాటికి ఆ నగరంలోని కతోలిక పాఠశాలలు కూడా నల్లపిల్లలను వేరుగానే ఉంచాయి. 1962లో రమ్మెల్ గారు వాటి తలుపులు తెరిపించారు. బహిరంగంగా ఎదిరించిన ముగ్గురు కతోలికులను ఏప్రిల్‌లో శ్రీసభ నుండి వెలివేశారు. ఆయన ధైర్యం చెప్పండి; ఆ ఆరేళ్ళ ఆలస్యం కూడా చెప్పండి. రెండూ పిల్లలకు పాఠమే.

6. "మన దగ్గర కూడా ఇలా ఉండేదా, అమ్మా?"

రూబీ కథ విన్న పిల్లవాడు ఈ ప్రశ్న అడిగి తీరుతాడు. అప్పుడు మాట తప్పించకండి. అంబేద్కర్ గారి చిన్ననాటి సంగతి చెప్పండి. 1901లో, తొమ్మిది పదేళ్ళ వయస్సులో, గోరేగావ్‌లో పనిచేస్తున్న తండ్రిని చూడడానికి అన్నతో, మేనల్లుళ్ళతో రైలెక్కి మసూర్ స్టేషనులో దిగారు. ఉత్తరం అందక ఎవరూ ఎదురు రాలేదు. ఆదరంగా పలకరించిన స్టేషను మాస్టరు, వారి కులం తెలియగానే ముఖం తిప్పుకున్నాడు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకోవడానికి ఒప్పుకుంటే గాని ఎద్దుబండి దొరకలేదు. బండివాడు పక్కన నడిచాడు. దారి పొడుగునా ఆ పిల్లలకు తాగడానికి నీళ్ళు పుట్టలేదు. గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలతో 2011లో వచ్చిన "భీమాయన" అనే పుస్తకం అంబేద్కర్ అనుభవాలను పిల్లలు, పెద్దలు కూడా చదవగలిగేలా చెబుతుంది.

"అది ఎప్పుడో జరిగిపోయింది" అని ముగించవద్దు. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారతపై విధాన పత్రం వెలువరించి, శ్రీసభలోనూ కుల వివక్ష ఉన్నదని ఒప్పుకొన్నది. పెద్దలు ఒప్పుకొన్న సంగతిని మనం పిల్లల దగ్గర దాచడం ఎందుకు?

7. చదివేటప్పుడు గుర్తుంచుకోండి

పుస్తకం ముందు మీరు చదవండి. ఇంగ్లీషులో ఉంటే మీ ఇంటి మాటల్లో చెప్పండి. ఒక్క రాత్రికి ఒక్క ఘట్టం చాలు. కొనేముందు మూడు సంగతులు వెతకండి: ఆ మనిషి భయపడిన సందర్భం ఉన్నదా? తోడు నిలిచినవారి పేర్లు ఉన్నాయా? అన్యాయం చేసినదెవరో స్పష్టంగా చెప్పారా? మూడూ లేకపోతే అది విగ్రహం, పుస్తకం కాదు.

చదివాక నీతి చెప్పకండి. ఈ ప్రశ్నలు అడిగి, పిల్లల జవాబు కోసం ఆగండి.

అ) రూబీ తన శాండ్‌విచ్ ఎందుకు దాచింది?
ఆ) ఆ రోజు బడి మానేసిన తెల్లపిల్లల్లో నువ్వుంటే ఇంట్లో ఏమని అడిగేవాడివి?
ఇ) కారు వెనుక నడిచినవారి పేర్లు మనకు తెలియవు. వారు చేసింది చిన్న పనా?
ఈ) మీ తరగతిలో ఒంటరిగా తినే పిల్లలు ఎవరైనా ఉన్నారా?

నాలుగో ప్రశ్నకు పిల్లవాడు ఒక పేరు చెబితే, మరునాడు డబ్బాలో ఇంకొక ఇడ్లీ ఎక్కువ పెట్టి పంపండి.