పాత మెయిన్ బోర్డు మార్చునపుడు

మన గ్రామములలో పాత ఇండ్ల గోడలకు చెక్క బోర్డు మీద బిగించిన పింగాణీ ఫ్యూజులే నేటికిని కనబడుచున్నవి. ఆ బోర్డు పెట్టిన నాడు ఇంటికి నాలుగు దీపములు, ఒక ఫ్యాను. ఇప్పుడు ఫ్రిజ్, మిక్సీ, కూలరు, నీళ్ల మోటారు అన్నియు దాని మీదనే నడుచుచున్నవి. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని ఎవరో లావు రాగితీగ చుట్టుదురు. ఆపైన ఫ్యూజు పోదు. గోడలోని వైరు కాలును. చెక్క నల్లబడినను, కాలిన వాసన వచ్చినను బోర్డు మార్చుటకు జాగు చేయరాదు.

అయితే కొత్త పెట్టె, ఎం.సి.బి.లు బిగించినంత మాత్రమున ఇంటివారికి రక్షణ కలిగినదని తలచరాదు. ఫ్యూజు గాని, ఎం.సి.బి. గాని ముఖ్యముగ కాపాడునది వైరును. లెక్క చూడుడు. మోటారు లోపలి తీగ ఒరిసి కరెంటు బాడీకి తగిలినదనుకొందము. మీ ఎర్తు నిరోధము 20 ఓములున్నచో, 230 వోల్టుల వద్ద భూమిలోకి పోవునది సుమారు పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఫ్యూజుకు అది లెక్కలోనిది కాదు. మోటారు తిరుగుచునే యుండును. దానిని తాకిన మనిషికి ఆంపియరులో పదవ వంతు కూడ ప్రాణాంతకమే.

అందుచే పెట్టెలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పక పెట్టించవలెను. ఇంటిలోనికి పోయిన కరెంటును, తిరిగి వచ్చిన కరెంటును అది సరిచూచుచుండును. తేడా వచ్చినచో రెప్పపాటులో సరఫరా నిలుపును. ఇనుప దండెమునకు కరెంటు తగిలి, తడిబట్టలు ఆరవేయు ఆడవారు మరణించిన సంగతులు మీరు వినియే యుందురు. అట్టిచోట ఆదుకొనునది ఇదే. కాని ఫేజును, న్యూట్రలును రెండు చేతులతో ఒకేసారి పట్టుకొన్నవానిని ఇదియు కాపాడలేదు. అధికభారమును ఆపదు గనుక ఎం.సి.బి.లు కూడ ఉండవలెను.

పాత ఇండ్లలో దీనిని పెట్టిన దినముననే మీట పడిపోవుచుండును. కొందరు పనివారు వస్తువు చెడ్డదని చెప్పి, దానిని తప్పించి కలిపి వెళ్లుదురు. ఇది ఒప్పుకొనదగినది కాదు. ఎక్కడో ఎర్తు తీగనే న్యూట్రలుగ వాడియుందురు, లేక స్నానపుగది స్విచ్చులోనికి చెమ్మ దిగియుండును. ఒక్కొక్క లైనును విడదీసి చూచి, దోషము దొరకువరకు పనివానిని పంపకుడు.

ఎం.సి.బి.ని వైరు లావును బట్టి ఎన్నుకొనవలెను. వస్తువును బట్టి కాదు. దీపముల 1.5 చదరపు మి.మీ. రాగివైరుకు 6 లేక 10 ఆంపియర్లు, 2.5 వైరుకు 16 తగియుండును. పాత బోర్డులలో న్యూట్రలుకు కూడ ఫ్యూజు ఉండెడిది. అది పోయినచో దీపమారును గాని తీగలో కరెంటు నిలిచియుండును. కొత్తదానిలో న్యూట్రలుకు విడిగా ఫ్యూజు ఉండరాదు.

ఎర్తు గొయ్యి పాతదైనచో కొలిపించి చూడుడు. ఎఱ్ఱనేలలలో వేసవియందు ఎండిపోవును గనుక నీరు పోయుచుండవలెను.

ఈ పని లైసెన్సు గల ఎలక్ట్రీషియనుదే. మెయిన్ స్విచ్చు ఆపినను మీటరు నుండి వచ్చు తీగలో కరెంటుండును. మీటరు సీలు ముట్టక, విద్యుత్ సంస్థ వారిచే సరఫరా ఆపించిన పిమ్మటనే బోర్డు విప్పవలెను.

ఆర్.సి.సి.బి. మీద చిన్న పరీక్ష బొత్తాము ఉండును. కరెంటున్నపుడు నెలకొకసారి దానిని నొక్కుడు. మీట పడనిచో ఆ దినముననే ఎలక్ట్రీషియనును పిలిపించి సరిచేయించవలెను.