కంటి కింద ఏం పెట్టించుకోవాలి?

ఎల్బీనగర్,
ఆదివారం.

చిరంజీవి చిన్నోడికి,
పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

కళ్ల కింద గుంటలు పూడ్చడానికి ఎముక మీద పెట్టే ఇంప్లాంటుకు సిలికాన్ మేలా, మెడ్‌పోర్ మేలా, పీక్ మేలా అని అడిగావు. ఉద్యోగమంతా ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా చేసినదాన్ని, "నీ ముఖానికేం తక్కువరా" అని మాట దాటేయను. వీటిని పోల్చడానికి నా దగ్గర ఒకటే కొలత ఉంది: రేపు నచ్చకపోయినా, చీము పట్టినా దాన్ని ఎలా బయటికి తీస్తారు?

అంతకంటే ముందు నీ కంటి కింద ఉన్నదేమిటో తేల్చుకో. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదుల్లో నెత్తి మీద లైటు వెలుగుతుంటే ఎవరి కళ్ల కిందైనా నీడ పడుతుంది. పగటిపూట కిటికీకి ఎదురుగా నిలబడి అద్దంలో చూసుకో. నలుపు బాగా తగ్గిందంటే అది గుంట వల్ల పడ్డ నీడ. తగ్గకపోతే అది చర్మం రంగు, దాన్ని ఏ ఇంప్లాంటూ మార్చలేదు. ఆ నలుపు చాలా కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. దుమ్ము పడక తుమ్ముతూ కళ్లు నులుముకునేవాళ్లకు ఇంకా ముదురుతుంది. పైకి చూసినప్పుడు కింది రెప్ప ఉబ్బు పెరిగితే లోపలి కొవ్వు ముందుకు వచ్చిందన్నమాట. ఆ కొవ్వునే గుంటలోకి సర్దే ఆపరేషన్ ఉంది. పక్కనుంచి ఫొటో తీస్తే కనుగుడ్డు కంటే కింది ఎముక వెనకబడి కనిపించిందనుకో, ఇంప్లాంటు సంగతి అప్పుడు మాట్లాడుకోవాలి.

ఇక నువ్వడిగిన మూడూ. సిలికాన్ నున్నగా ఉంటుంది. ఒళ్లు దాని చుట్టూ పలచని పొర అల్లుకుంటుందే కానీ లోపలికి చొరబడదు. అందుకే తీయడం సులువు, పక్కకు జరిగే అవకాశమూ ఎక్కువే. మెడ్‌పోర్ సన్నని రంధ్రాలున్న ప్లాస్టిక్. ఆ రంధ్రాల్లోకి కండ, రక్తనాళాలు పెరిగి కదలకుండా పట్టేస్తాయి. ఆ పట్టే తీసేటప్పుడు ఇబ్బంది, చుట్టూ ఉన్న కండను చీల్చుకుంటూ తీయాలి. పీక్ గట్టి ప్లాస్టిక్. సీటీ స్కాన్ తీసి నీ ఎముకకు సరిపోయేలా తయారుచేసి స్క్రూలతో బిగిస్తారు. అమరిక బాగుంటుంది, కండ పట్టుకోదు కాబట్టి మెడ్‌పోర్ కంటే తేలిగ్గా వస్తుంది, పైసలే ఎక్కువ.

మూడింటికీ కొన్ని బాధలు ఉమ్మడి. కంటి గూడు అంచుకు సుమారు ఒక సెంటీమీటరు కింద ఒక నరం బయటికి వస్తుంది. అది నలిగితే చెంప, పై పెదవి, పై పళ్లు మొద్దుబారతాయి. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరికి మిగిలిపోతుంది. కింది రెప్ప లాగేసినట్టై కంటి తెల్లగుడ్డు ఎక్కువ కనిపించవచ్చు, కన్ను పొడిబారవచ్చు. ఏళ్ల తరవాత కూడా చీము పట్టవచ్చు.

ఎముక దాకా పోకుండా రెండు దారులున్నాయి. హైలురోనిక్ ఆమ్లం ఫిల్లర్ కొన్ని నెలల నుంచి ఏడాది పైదాకా ఉంటుంది. బాగాలేకపోతే హైలురోనిడేజ్ అనే ఇంజెక్షన్‌తో కరిగిస్తారు. వెనక్కి రావడానికి ఇంత వీలున్నది మరొకటి లేదు. అయితే చర్మానికి మరీ దగ్గరగా పడితే నీలంగా కనిపిస్తుంది. అరుదుగానే అయినా, రక్తనాళంలోకి పోతే చూపే పోవచ్చు. బ్యూటీ పార్లర్లో చేయించుకునే పని కాదది. రెండోది పొట్ట నుంచో తొడ నుంచో తీసిన సొంత కొవ్వు. అందులో ఎంత నిలుస్తుందో, ఎంత కరిగిపోతుందో ముందే చెప్పలేరు. గడ్డకట్టి నిలిస్తే సరిచేయడం కష్టం.

2016లో మన హైదరాబాద్‌లోనే ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఎత్తు పెరగడానికి కాళ్ల ఎముకలు కోయించుకున్నాడు. అమ్మానాన్నలకు తెలిసేసరికి ఆపరేషన్ అయిపోయింది. పేపర్లలో చదివిన ఆ వార్త నీ మెసేజ్ చూడగానే గుర్తొచ్చింది.

మెయిన్‌రోడ్డు మీద బోర్డు పెద్దదని లోపలికి వెళ్లకు. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ చేసినవాళ్లు, లేదా కంటి డాక్టర్లలో ఆక్యులోప్లాస్టీ నేర్చినవాళ్లు దీనికి తగినవాళ్లు. పేరు తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో నమోదై ఉందో లేదో చూడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా పంజాగుట్టలో దిగుతావు, నిమ్స్ ఆస్పత్రి అక్కడే. బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది. ఇద్దరి అభిప్రాయం విను. ఇంప్లాంట్లు ఎన్ని పెట్టారని డాక్టర్ను అందరూ అడుగుతారు, నువ్వు ఎన్ని తీశారని కూడా అడుగు. తీసేటప్పుడు ఏమైందో విసుక్కోకుండా చెప్పేవాళ్ల మాట నమ్మొచ్చు.

వెళ్లేరోజు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. ఆ సాఫ్ట్‌వేర్ కుర్రాడిలా కాకుండా, మీ అమ్మకు మాత్రం ముందే నువ్వు చెప్పు. ఈ సంగతి ఆమె నా నోట వింటే ఇద్దరికీ అక్షింతలు తప్పవు.

ఇట్లు,
మీ పెద్దమ్మ