ఫోన్ ఎత్తకపోతే ప్రేమ లేనట్టేనా?

ప్రశ్న: మావారిది హైదరాబాద్‌లో ఉద్యోగం. ఫోన్ ఎత్తకపోతే నన్ను వదిలించుకోవాలని చూస్తున్నారనిపించి, నేనే విడిపోదామని అనేస్తున్నాను. ఎలా మానాలి?
– ఒక సోదరి, స్టేషన్ ఘన్‌పూర్

జవాబు: మీరు భయపడే దూరాన్ని ఆ మాటే తెచ్చిపెడుతోందమ్మా. కొలంబియా విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త జెరాల్డిన్ డౌనీ బృందం 1998లో ప్రచురించిన అధ్యయనం ఇదే చెబుతోంది: తిరస్కారాన్ని ముందే ఊహించుకునే స్త్రీలు గొడవలో కటువుగా ప్రవర్తించడంతో భాగస్వాముల్లో కోపం పెరిగింది. తప్పు ఆయనదైతే అంటారా? కావచ్చు. కొట్టడం, బెదిరించడం ఉంటే ఈ సలహా వర్తించదు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. ఎత్తని ఫోన్ ఒక్కటే మాత్రం రుజువు కాదు. గుండె దడ మొదలవగానే ఫోన్ పక్కన పెట్టి, జరిగింది ఒక వాక్యం, మీరు ఊహించుకున్నది మరో వాక్యం రాయండి. 20 నిమిషాలాగి, "భయమేసింది, వీలు చూసుకుని మాట్లాడండి" అని మెసేజ్ పెట్టండి. ఎప్పుడూ నేనే తగ్గాలా అనిపించొచ్చు. కానీ ఇది తగ్గడం కాదు, విడిపోదామనే బెదిరింపు మాని, మీక్కావలసింది నేరుగా అడుగుతున్నారు. అయినా దడ తగ్గకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే, ఉచితంగా మాట్లాడొచ్చు.