నా ప్రోగ్రామ్‌కి గురజాడ ఒక ఎర్రర్

మార్గరెట్ బోడెన్ 1990లో 'ది క్రియేటివ్ మైండ్' అనే పుస్తకం రాశారు. ఆవిడ లెక్కలో సృజన మూడు రకాలు. ఉన్న భావాలనే కొత్తగా కలపడం ఒకటి (మీమ్స్ చేసే మనకి ఇది చెప్పక్కర్లేదు). రెండోది నియమాల లోపలే ఉంటూ కొత్త దారులు వెతకడం. అవధానంలో పృచ్ఛకులు ఎంత ఇరికించినా ఛందస్సు తప్పకుండా పద్యం చెప్తారే, అది. మూడోది ఆ నియమాలనే మార్చేయడం.

ఈ మూడోది నాకు కోడ్ రాస్తుంటే అర్థమైంది. పద్యం ఇస్తే ఛందస్సు చెప్పే పైథాన్ ప్రోగ్రామ్ రాశాను. ఆటవెలది, కందం, ఉత్పలమాల అన్నీ పట్టేసింది. సరదాకి గురజాడ ముత్యాల సరం ఒకటి ఇచ్చా. నాలుగు పాదాలకీ ఎర్రర్! ఆయన 1910లో పాత గణాల లెక్క పక్కనపెట్టి, మూడూ నాలుగు మాత్రల నడక పట్టుకున్నారు. ఆ నడక నా కోడ్‌లో లేదు. ఇప్పుడు మాత్రలు లెక్కపెట్టే ఫంక్షన్ కలుపుతున్నా. రేపు ఇంకెవరో రాసేదానికి అదీ ఎర్రరే చూపిస్తుందేమో!