చేబదులు కూడా చెప్పాలి

ప్రశ్న: జీన్స్ కుట్టే యూనిట్ నష్టాల్లో మునిగింది. దివాలా అర్జీ వేశాను. కోర్టులో అప్పుల గురించి ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, బళ్లారి

జవాబు: అమ్మా, మీలాంటివారికి ఇప్పటికీ వర్తించేది 1920 నాటి ప్రాంతీయ దివాలా చట్టమే. 24వ సెక్షన్ కింద జడ్జి మీ లావాదేవీలు, ఆస్తి గురించి అప్పులవాళ్ల ఎదుటే అడుగుతారు, వాళ్లూ ప్రశ్నించవచ్చు. బ్యాంకు బాకీ అందరూ రాస్తారు. వదిలేసేది చేబదులు, చీటీ బాకీ, తాకట్టు నగలు. నోటు లేకపోయినా ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎందుకు తీసుకున్నారో రాయండి. తెలుగులో రాసుకున్న ఖాతా పుస్తకమైనా తీసుకెళ్లండి. రెండేళ్లలోపు బంధువుల పేర రాసిచ్చిన స్థలం, మూడు నెలల్లోపు ఒక్కరికే తీర్చిన బాకీ ఉంటే అడక్కముందే చెప్పండి. కావాలని దాస్తే ఏడాది వరకు జైలు. గుర్తులేనిది గుర్తులేదనండి, ఊహించి చెప్పకండి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయం ఎంతున్నా మహిళలకు సాయం ఉచితం.